వివాదాస్పద సినిమాకు సెన్సార్: కట్ లిస్ట్ నుంచి హైకోర్టు దాకా

సెన్సార్‌లో ఒక సీను నిలబడేదీ పడిపోయేదీ చాలావరకు ఎడిటింగ్ టేబుల్ దగ్గరే తేలిపోతుంది. కథలో కులం, మతం, అత్యాచారం, మత్తుమందులు, బతికున్న నాయకుల రాజకీయం లాంటివి ఉన్నప్పుడు, స్క్రీనింగ్ అయ్యాక దర్శకుడు ఎంత ఆవేశంగా మాట్లాడినా లాభం తక్కువ. అదే వాదనను సీను నంబరు, టైమ్‌కోడ్ (సినిమాలో ఆ షాట్ వచ్చే గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్) వేసి, మార్గదర్శకాల్లోని ఏ వాక్యం తనకు అండగా ఉందో చూపించి కాగితం మీద పెడితే దానికి జవాబు రాయాల్సిన బాధ్యత అవతలివాళ్లది అవుతుంది. అలాంటి సినిమా తీసి, దాని ప్రాణం పోకుండా థియేటర్‌కు చేర్చాలనుకునే చిన్న నిర్మాతలకు, దర్శకులకు, ఆఫీసు చుట్టూ తిరిగే అసిస్టెంట్లకు పనికొచ్చేలా ఆ దారంతా ఇక్కడ రాశాం.

చట్టంలో ఉన్నదేమిటి

అందరం సెన్సార్ బోర్డు అంటాం కానీ 1983లోనే దాని పేరు కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలిగా మారింది. దానికి దేశంలో 9 ప్రాంతీయ కార్యాలయాలున్నాయి, హైదరాబాద్ వాటిలో ఒకటి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంలో సెక్షన్ 5బి ఒక్కటైనా కంఠతా పట్టండి. సర్టిఫికెట్ నిరాకరించడానికి కారణాలన్నీ అందులోనే ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, పరువు నష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి పురికొల్పడం. ‘కొందరు నొచ్చుకుంటారేమో’ అనే మాట ఆ జాబితాలో లేదు.

వీటిని విడమరిచి చెప్పే మార్గదర్శకాలు 1991 డిసెంబరు 6న వచ్చాయి. స్త్రీలను కించపరచడం, లైంగిక హింస, ద్వంద్వార్థాలు, మత్తుమందులను గొప్పగా చూపడం, మతాలనూ వర్గాలనూ హేళన చేయడం వంటివన్నీ అక్కడ ఒక్కొక్కటిగా ఉంటాయి. నిర్మాతలు ఈ నిషేధాల పట్టీ చదివి భయపడి ఆగిపోతారు. మీకు అండగా నిలిచే వాక్యం ఆ తర్వాత వస్తుంది: సినిమాను మొత్తంగా, అది వేసే ప్రభావాన్ని బట్టి చూడాలి, కథ జరిగిన కాలాన్నీ నేటి ప్రమాణాలనూ దృష్టిలో పెట్టుకోవాలి. ఒక్క డైలాగు మీద అభ్యంతరం వచ్చినప్పుడల్లా మీ జవాబు ఈ వాక్యంతోనే మొదలవ్వాలి.

ఏ సర్టిఫికెట్ కావాలో ముందే తేల్చుకోండి

2023 సవరణ తర్వాత యూ (అందరికీ), ఏ (పెద్దలకే), ఎస్ (డాక్టర్ల లాంటి ప్రత్యేక వర్గాలకే) అలాగే ఉన్నాయి. యూఏ (ఆ వయసులోపు పిల్లలు పెద్దల మార్గదర్శకంలో చూడాల్సినది) మాత్రం మూడైంది: 7+, 13+, 16+. అదే సవరణతో సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు పోయింది, ఒకసారి ఇస్తే ఎప్పటికీ చెల్లుతుంది.

‘ఏ’ వస్తే 18 ఏళ్లలోపు వాళ్లు థియేటర్‌కు రాకూడదు. అదే ప్రింట్ టీవీలోనూ వేయకూడదు. టీవీ కోసం మళ్లీ కట్ చేసి వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ హక్కులు ముందే అమ్ముకున్నారంటే ఆ ఒప్పందంలో ఏ సర్టిఫికెట్ అని రాసుందో ఇప్పుడే తీసి చదవండి. విడుదలకు వారం ముందు ఈ సంగతి బయటపడితే, ఛానల్ డబ్బు కోసం దర్శకుడి చేతనే సీను కోయించే పరిస్థితి వస్తుంది.

క్రూరత్వం చూపడమే కథకు ప్రాణమైనచోట ‘ఏ’ అడిగి తీసుకోండి. అత్యాచారం సీనును యూఏ కోసం సగం కోస్తే హింస మిగులుతుంది, బాధితురాలి బాధ పోతుంది. అంతకన్నా అన్యాయమైన ఎడిటింగ్ లేదు. ఫూలన్ దేవి జీవితం మీద తీసిన ‘బాండిట్ క్వీన్’ విషయంలో 1996లో సుప్రీంకోర్టు చూసింది కూడా ఈ తేడానే. ఆ సినిమాలోని నగ్న దృశ్యం కోరిక రేపడానికి పెట్టింది కాదు, ఆ స్త్రీకి జరిగిన అవమానం చూసేవాళ్లకు తగలాలని పెట్టింది అని చెప్పి, ఢిల్లీ హైకోర్టు కొట్టేసిన ‘ఏ’ సర్టిఫికెట్‌ను నిలబెట్టింది.

సీన్ల పట్టీ తయారీ

ఎడిట్ లాక్ (ఇక ఎడిటింగ్‌లో మార్పు లేదని తేల్చడం) అయిన రోజే దర్శకుడు, ఎడిటర్, రచయిత కూర్చుని సినిమా మొత్తం ఆపి ఆపి చూడండి. అభ్యంతరం రావచ్చనిపించిన ప్రతి చోటా టైమ్‌కోడ్ రాసి, దాని పక్కన మూడింట్లో ఒక గుర్తు వేయండి. వదులుకోలేనిది ఎరుపు, మార్చగలిగేది పసుపు, పోయినా నష్టం లేనిది పచ్చ. రెండున్నర గంటల సినిమాలో ఎరుపు గుర్తులు ఏడెనిమిది దాటాయంటే మీరింకా మనసు చిక్కబట్టుకోలేదన్నమాట. మళ్లీ కూర్చోండి.

ప్రతి ఎరుపు గుర్తుకూ అర పేజీ రాయాలి. ఉదాహరణకు ఊరి పెద్ద ఒక దళిత యువకుణ్ని కులం పేరుతో తిట్టే సీను ఉందనుకోండి. ‘సీను 42, 01:07:13:08 నుంచి 01:07:19:20 వరకు, పన్నెండున్నర సెకన్లు, తిట్టు రెండుసార్లు’ అని రాసి వదిలేస్తే అది నేరాంగీకారంలా ఉంటుంది. పైగా ఆ లెక్క కూడా తప్పు: 13వ సెకను 8వ ఫ్రేమ్ నుంచి 19వ సెకను 20వ ఫ్రేమ్ దాకా, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, ఆరున్నర సెకన్లే. ఇలాంటి తప్పు ఒకటి కనపడితే మిగతా పట్టీ మీద కూడా నమ్మకం పోతుంది కాబట్టి ప్రతి లెక్కా ఇద్దరు చూడాలి. లెక్క సరిచూశాక దాని కింద మూడు సంగతులు రాయండి: ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తోంది, ఆ మనిషికి కథలో చివరికి ఏమవుతుంది, అదే సీన్లో కెమెరా ఎవరి ముఖం మీద ఉంది. తిట్టు పడుతున్నంతసేపూ కెమెరా ఆ యువకుడి మీదే ఉంటే, సినిమా ఎవరి పక్షాన ఉందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కమిటీ కోయడానికని కావాలనే రెండు మూడు ఘాటు షాట్లు అదనంగా పెట్టడం పరిశ్రమలో చాలామంది చేసే పని. అవి కోస్తే అసలువి మిగులుతాయని ఆశ. ఆ పని చేయకండి. ఎర షాట్లు చూసిన సభ్యులకు సినిమా మొత్తం మీద అనుమానం పుడుతుంది. ఆ తర్వాత మీరు నిజాయతీగా తీసిన సీను కూడా అదే కళ్లతో చూస్తారు.

ఫైలులో ఏముండాలి

దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది. కథాసంగ్రహం, క్రెడిట్ టైటిల్స్, పాటల పూర్తి సాహిత్యం కావాలి. తెలుగు సినిమాకు వీటి ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం కూడా అడుగుతారు. అనువాదాన్ని ఎవరికో అప్పజెప్పి వదిలేయొద్దు. పాటలో సామెతగా వచ్చిన మాట అనువాదంలో బూతుగా మారి, కాగితం మీదే అభ్యంతరం తెచ్చిపెట్టగలదు.

జంతువులు కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. విడుదలలు ఆగడానికి ఇదీ ఒక కారణం. షూటింగ్‌కు ముందే దరఖాస్తు చేసి, తర్వాత నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఒక్క షాట్‌లో ఎడ్లబండి పోతున్నా, కోడిపుంజు కనిపించినా లెక్కే. గ్రాఫిక్స్‌తో చేసిన జంతువైతే అది గ్రాఫిక్స్ అని రుజువు చూపించాలి, అందుకే ఆ షాట్ల పని దశలు దాచి ఉంచండి.

పొగాకు వాడకం ఉంటే నిబంధన స్పష్టంగా ఉంది. సినిమా మొదట్లోనూ ఇంటర్వెల్ తర్వాతా కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, అలాగే రెండు చోట్లా కనీసం 20 సెకన్ల దృశ్య శ్రవణ హెచ్చరిక, సిగరెట్ తెర మీద ఉన్నంతసేపూ కింద అక్షరాలు. అక్షరాలు రెండో షాట్‌లో పడడం మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. చుట్ట చేతిలో ఊరికే ఉన్నా అక్షరాలు ఉండాల్సిందే.

నిజ జీవిత కథ అయితే ఇంకో ఫైలు కట్టండి. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లో ఉన్న సంగతులు రాయడానికి ఆ వ్యక్తి అనుమతి అక్కర్లేదంది. లైంగిక దాడి బాధితుల విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు, వాళ్ల పేరు గానీ గుర్తుపట్టే వివరాలు గానీ రాకూడదు. కాబట్టి చార్జిషీటు, తీర్పు, ఆనాటి పత్రికలు సీన్లవారీగా జత చేయండి. డిస్‌క్లెయిమర్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. మొదట్లో ‘అన్ని పాత్రలూ కల్పితం’ అని వేసి, పోస్టర్ మీద ‘నిజ కథ’ అని వేస్తే ఆ రెండింటి మధ్య సందులోంచే పరువు నష్టం కేసు వస్తుంది. నిజ సంఘటనల ఆధారంగా తీశాం, ఫలానా పాత్రలను, సంఘటనలను కథ కోసం మార్చాం అని ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు.

స్క్రీనింగ్ రోజు

విడుదల తేదీకి కనీసం రెండు నెలల ముందు దరఖాస్తు వేయండి. ఎక్కువ రుసుముతో త్వరగా చూపించుకునే సౌకర్యం ఉంది కానీ, వివాదం ఉన్న సినిమా దాన్ని నమ్ముకోకూడదు. స్క్రీనింగ్ త్వరగా అయినా ఆ తర్వాత రివైజింగ్ కమిటీ (సినిమాను రెండోసారి చూసే కమిటీ), కోర్టు అంటే వారాలు పడుతుంది.

సినిమా పూర్తిగా తయారై ఉండాలి, రీరికార్డింగ్, ఎఫెక్ట్స్ అన్నీ అయిపోయి. తాత్కాలిక సంగీతంతో పంపితే తిప్పి పంపుతారు. పూర్తి నిడివి సినిమాను ఒక అధికారి, నలుగురు సలహా సభ్యులు ఉన్న ఎగ్జామినింగ్ కమిటీ చూస్తుంది. మీరు లోపల కూర్చోకూడదు. ఆట అయ్యాక పిలుస్తారు. దర్శకుడితో పాటు ఎడిటర్ లాప్‌టాప్‌తో వెళ్లాలి. ఏ షాట్ గురించి మాట్లాడుతున్నారో అక్కడికక్కడ తెరిచి చూపిస్తే సగం అభ్యంతరాలు కుదించుకుపోతాయి. కోపిష్టి హీరోనో, పలుకుబడి ఉన్న ఫైనాన్షియర్‌నో తీసుకెళ్లొద్దు. సభ్యులు చెప్పేది మొదట పూర్తిగా రాసుకోండి. అక్కడే ‘సరే కోసేస్తాం’ అని నోటితో ఒప్పుకుంటే ఆ మాటే ఉత్తర్వు అవుతుంది. ప్రతికూల ఉత్తర్వు ఇచ్చేముందు మీ మాట వినడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత, కాబట్టి అభ్యంతరాలు రాతలో అడగండి, జవాబు కూడా రాతలోనే ఇవ్వండి.

చూపించే కాపీ మీద సినిమా పొడవునా కదిలే వాటర్‌మార్క్ వేయండి. డీసీపీ (థియేటర్‌లో వేసే డిజిటల్ కాపీ) అయితే ఆ థియేటర్‌కే, ఆ కొన్ని గంటలకే పనిచేసే తాళం ఇవ్వండి. 2016లో, పంజాబ్‌లో మత్తుమందుల సమస్య మీద తీసిన హిందీ సినిమా ‘ఉడ్తా పంజాబ్’ విడుదలకు రెండు రోజుల ముందు ‘ఫర్ సెన్సార్’ అని రాసున్న కాపీ నెట్‌లో తిరిగింది. ప్రతి కాపీకీ వేరే గుర్తు ఉంటే ఏ కాపీ ఎక్కడిదో తెలుస్తుంది.

కట్ లిస్ట్ వచ్చాక

కట్ లిస్ట్ అంటే కమిటీ అడిగే మార్పుల పట్టీ. ‘మ్యూట్ చేయండి’, ‘50 శాతం తగ్గించండి’, ‘బ్లర్ చేయండి’, ‘తీసేయండి’. దాదాపు అన్నీ ఈ నాలుగింట్లోనే ఉంటాయి. ఒక్కోదాన్నీ సినిమాకు తక్కువ గాయమయ్యేలా ఎలా చేయాలో ఎడిటర్‌కు, సౌండ్ ఇంజనీర్‌కు తెలిసుండాలి.

మ్యూట్‌లో జరిగే పెద్ద తప్పు ఫైనల్ మిక్స్ మీద మ్యూట్ చేయడం. మాటతో పాటు సంగీతం, గాలి, అడుగుల చప్పుడు కూడా పోయి తెర మీద గొయ్యి పడినట్టు ఉంటుంది. ప్రేక్షకుడు ఆ గొయ్యిలో బూతును తనే ఊహించి నింపుకుంటాడు. అందుకే మిక్సింగ్ రోజే డైలాగు, సంగీతం, ఎఫెక్ట్స్ మూడూ విడివిడి ట్రాకులుగా తీసి పెట్టుకోండి. డైలాగు ట్రాక్‌లో మాత్రమే ఆ మాట తీసి, అదే గదిలో రికార్డు చేసిన ఖాళీ ధ్వనిని అక్కడ అతకండి. ప్రతి లొకేషన్‌లో ఒక నిమిషం అందరూ ఊపిరి బిగబట్టి నిలబడి ఆ ఖాళీ ధ్వని రికార్డు చేసుకుంటే ఆ రోజు పనికొస్తుంది.

మాట మార్చేట్టయితే పెదవులు చూడండి. తెలుగులో ప, ఫ, బ, భ, మ పలికినప్పుడు రెండు పెదవులూ మూసుకుంటాయి. తీసేసే మాట ‘మ’తో మొదలైతే, పెట్టే మాట కూడా ఈ ఐదింట్లో ఒకదానితో మొదలవ్వాలి. అక్షరాల సంఖ్య, దీర్ఘం ఉన్న చోటు కలవాలి. ‘క’తో మొదలయ్యే మాట పెడితే క్లోజప్‌లో నటుడు పెదవులు మూస్తుంటే గొంతు తెరుచుకున్నట్టు వినిపిస్తుంది, డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. రాసేటప్పుడే ప్రతి ఘాటు మాటకూ ఇలాంటి జోడీ మాట రాసుకుని, నటుడి చేత డబ్బింగ్‌లోనే రెండూ చెప్పించండి. కట్ లిస్ట్ వచ్చాక ఆ నటుడు ఏ విదేశీ షూటింగ్‌లోనో ఉంటాడు.

దృశ్యం తీయమన్నప్పుడు వీలైనంతవరకు తీయకుండా మార్చండి. 2 సెకన్లు తీస్తే 48 ఫ్రేములు పోతాయి, వెనక సంగీతం తాళం తప్పుతుంది, ఆ రీల్లో సబ్‌టైటిల్స్ అన్నీ జరుగుతాయి. దాని బదులు అంతే పొడవున్న వేరే షాట్, అంటే చూస్తున్న మనిషి ముఖమో, గోడ మీద నీడో, పడిపోయిన చెప్పో పెడితే పొడవు మారదు. అందుకే హింస ఉన్న ప్రతి సీన్లోనూ షూటింగ్ నాడే ఇలాంటి షాట్లు నాలుగైదు, ఒక్కోటి 5 సెకన్లకు తగ్గకుండా తీసి పెట్టుకోండి. కత్తి దిగడం కన్నా కొన్నిసార్లు ఆ చెప్పే ఎక్కువ భయపెడుతుంది.

‘50 శాతం తగ్గించండి’ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది ముందు రాతలో తేల్చుకోండి. తగ్గించాక పాత పొడవు, కొత్త పొడవు, తీసిన ముక్క మూడూ జత చేసి ఇవ్వాలి. ఫ్రేముల్లో లెక్క ఇస్తే రెండోసారి పిలవరు.

ఒప్పుకోలేకపోతే

మొదటి మెట్టు రివైజింగ్ కమిటీ. ఛైర్‌పర్సన్‌తో పాటు గరిష్ఠంగా 9 మంది ఉంటారు, మొదట చూసినవాళ్లు ఇందులో ఉండరు. వాళ్ల ముందు మొదటి వాదనే మళ్లీ వినిపించొద్దు. పసుపు గుర్తులన్నీ మీరే స్వయంగా సరిచేసి, ఎరుపు వాటి గురించి మాత్రమే మాట్లాడండి.

అక్కడా కుదరకపోతే ఒకప్పుడు అప్పిలేట్ ట్రైబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు. చిన్న నిర్మాతకు ఇది నిజంగా పెద్ద దెబ్బ, ఎందుకంటే తక్కువ ఖర్చుతో సినిమా తెలిసినవాళ్ల ముందు వాదించుకునే చోటు పోయింది. ఇప్పుడు నేరుగా హైకోర్టే. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లోపు వెళ్లాలి.

లాయర్‌కు ఇచ్చే ఫైలులో నాలుగు తీర్పులు ఉండాలి. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసు ముందస్తు సెన్సార్‌ను సమర్థించింది. అవతలి పక్షం తప్పకుండా దాన్నే ఎత్తుతుంది కాబట్టి మీరే ముందు చదవాలి. 1988లో ‘తమస్’ సీరియల్ కేసు, సినిమాను నిబ్బరం గల మామూలు మనిషి కళ్లతో చూడాలి, ప్రతిదానికీ ఉలిక్కిపడే మనిషి కళ్లతో కాదని చెప్పింది. 1989లో రంగరాజన్ కేసు అన్నిటికన్నా ముఖ్యం. రిజర్వేషన్ల మీద తీసిన తమిళ సినిమా అది. మాటకూ అల్లర్లకూ ఉన్న సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వ అంత దగ్గరగా ఉండాలనీ, ఎవరో బెదిరిస్తున్నారని ప్రభుత్వం చేతులెత్తేయకూడదనీ కోర్టు చెప్పింది. నాలుగోది ‘ఉడ్తా పంజాబ్’. రివైజింగ్ కమిటీ 13 మార్పులు అడిగితే, 2016 జూన్ 13న బొంబాయి హైకోర్టు ఒక్క కట్‌తో, మార్చిన డిస్‌క్లెయిమర్‌తో 48 గంటల్లో సర్టిఫికెట్ ఇవ్వమంది. సినిమా 17న విడుదలైంది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక వచ్చే చిక్కు

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’కు జమీందార్లు అడ్డం పడ్డారు, కొన్ని జిల్లాల్లో ఆపేశారు. సర్టిఫికెట్ ఉన్నా స్థానికంగా ఆపే ఆ అలవాటు పోలేదు. ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం, 1955లో సెక్షన్ 8 కింద శాంతిభద్రతల పేరుతో ప్రదర్శన నిలిపేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. 2006 జూన్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ‘ద డావిన్సీ కోడ్’ను ఆపింది దీని కిందే. బోర్డు అప్పటికే ఆ సినిమాకు ‘ఏ’ ఇచ్చి, ఇది కల్పితమని డిస్‌క్లెయిమర్ కూడా పెట్టించింది. లక్ష్మీగణేశ్ ఫిల్మ్స్ హైకోర్టుకు వెళ్లింది. కొందరు ఇచ్చిన వినతిపత్రాలే ఆధారంగా భావప్రకటన హక్కును అణచకూడదంటూ కోర్టు అదే నెలలో నిషేధాన్ని కొట్టేసింది. తెలుగు నేల మీద పంపిణీదారు దగ్గర ఉండాల్సిన తీర్పు ఇదే. 2018 జనవరిలో ‘పద్మావత్’ మీద నాలుగు రాష్ట్రాల నిషేధాలు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు కూడా అదే దారిలో, విడుదలకు వారం ముందు వాటిని ఆపింది.

కాబట్టి గొడవ వాసన తగిలిన రోజే మూడు పనులు చేయండి. సర్టిఫికెట్ కాపీ జత చేసి జిల్లా కలెక్టర్‌కు, పోలీసు కమిషనర్‌కు రక్షణ కోరుతూ ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎవరైనా స్టేకు వెళ్లొచ్చనుకుంటే హైకోర్టులో కేవియట్ వేయండి, మీ మాట వినకుండా ఏకపక్ష ఉత్తర్వు రాదు. అభ్యంతరం చెప్పే సంఘానికి సినిమా చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూపిస్తే మాత్రం ‘కోర్కెల మేరకు కోస్తాం’ అనే కాగితం మీద సంతకం పెట్టొద్దు, తర్వాత కోర్టులో అదే మీ మీద ఆయుధమవుతుంది.

విడుదలయ్యాక శుక్రవారం టాక్ చూసి 8 నిమిషాలు ట్రిమ్ చేయడం మనవాళ్లకు అలవాటు. ఆ మార్పు బోర్డుకు తెలిపి సర్టిఫికెట్ మీద రాయించుకోవాలి. కోసిన సీనును మళ్లీ కలపడం ఇంకా ప్రమాదం. సర్టిఫై అయిన సినిమాను మార్చి ఆడించడం నేరం, 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. థియేటర్లో వేసే ట్రైలర్‌కూ, తమిళం, హిందీ డబ్బింగ్‌కూ వేర్వేరు సర్టిఫికెట్లు కావాలి. ఓటీటీ ఈ బోర్డు కిందకు రాదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం వేదికే వయసు వర్గీకరణ ఇస్తుంది. కోయని వెర్షన్ అక్కడ వేయదలిస్తే ఒప్పందంలో ఏ వెర్షన్ ఇస్తున్నారో నిడివితో సహా రాయించండి, లేకపోతే వాళ్లు థియేటర్ వెర్షనే అడుగుతారు.

బ్రిటన్‌లో ఆడించాలంటే అక్కడి బోర్డు వర్గీకరణ వేరే. 1937 నాటి జంతువుల చట్టం వల్ల గుర్రాన్ని నిజంగా పడగొట్టిన షాట్ ఉంటే తీయించేస్తారు. యుద్ధం సీన్లున్న సినిమాకు ఆ షాట్ల మేకింగ్ వీడియో విడిగా పెట్టుకుంటే, గుర్రానికి ఏమీ కాలేదని ఆ రోజే చూపించొచ్చు.